గోబర్ గ్యాసు పొయ్యి మంట నిలువనిచో ఏమి చేయవలెను?

పశుసంపద గల ఇంటికి గోబర్ గ్యాసు ప్లాంటు ఒక వరము వంటిది. పేడను పిడకలు చేసి కాల్చినచో మంట మాత్రమే దక్కును, ఎరువు బూడిద యగును. అదే పేడను ప్లాంటులో వేసినచో వంటకు మంటయు, పొలమునకు ఎరువును రెండును దక్కును. ఇల్లాలి కన్నులకు పొగబాధ తప్పును. ఇట్టి మేలు గలదని యెరిగియే జష్‌భాయి పటేలుగారు తేలు డ్రమ్ము గల ప్లాంటును రూపొందించిరి. తరువాత ఖాదీ గ్రామోద్యోగ సంస్థ దానిని దేశమంతట వ్యాప్తి చేసినది. 1984లో డ్రమ్ముతో పనిలేని, ఇటుక గుమ్మటము గల 'దీనబంధు' ప్లాంటు వచ్చినది.

అయినను కట్టిన ప్లాంట్లన్నియు నడచుచున్నవని చెప్పజాలము. మూలబడిన ప్లాంటును పరీక్షించినచో అనేక పర్యాయములు పెద్ద లోపమేదియు కనబడదు. గొట్టములో చేరిన దోసెడు నీరో, బర్నరు చిల్లులలో ఎండిన గంజియో, సడలిన ఒక బిగింపో కారణమై యుండును. మంట రాకపోగా ఇంటివారు విసిగి పేడ వేయుట మానుదురు. మానిన కొలది నాళ్లకు గ్యాసు నిజముగనే ఆగిపోవును. వేల రూపాయల కట్టడము ఈ విధముగా వ్యర్థమగును. కావున ఇంటివద్ద ఎవరికి వారు చేసికొనదగిన మరమ్మతులను, ఎట్టి పరిస్థితిలోను చేయరాని పనులను పంచాయతీ సభ్యుల యెదుట ఉంచుచున్నాము.

గ్యాసు ఎట్లు పుట్టును, ఎట్లు మండును

గాలి చొరని తొట్టిలో పేడనీళ్లు నిలిచియున్నపుడు అందలి సూక్ష్మజీవులు పేడను కుళ్లింపజేయును. అపుడు వెలువడు వాయువులో నూటికి 55 మొదలు 65 పాళ్ల వరకు మీథేన్ ఉండును. మిగిలినదానిలో అధికభాగము బొగ్గుపులుసు వాయువు. మండునది మీథేన్ మాత్రమే. కుళ్లిన కోడిగ్రుడ్డు వాసన గల హైడ్రోజన్ సల్ఫైడు అను విషవాయువు కూడ స్వల్పముగా ఉండును.

ఈ గ్యాసు గొట్టము వెంట పొయ్యిని చేరి, జెట్టు అను సన్నని రంధ్రము గుండ వేగముగా దూకును. ఆ వేగమునకు ప్రక్కనున్న కన్నముల నుండి గాలి తనంత తానే లోనికి లాగబడును. గ్యాసును గాలియు కలిసి బర్నరు చిల్లుల వద్ద మండును. కాబట్టి మంట నిలువవలెనన్న నాలుగు విషయములు సరిగా ఉండవలెను: చాలినంత గ్యాసు, అడ్డులేని గొట్టము, శుభ్రమైన జెట్టు, తగినంత గాలి. ఏది చెడినదో తెలిసికొనుటకు ఈ వరుసలోనే పరీక్షించుకొనుచు పోవలెను. ఇది తెలియక మొదటనే పొయ్యిని విప్పుట వృథాశ్రమ.

మొదటి పరీక్ష: గ్యాసు ఉన్నదా?

డ్రమ్ము ప్లాంటయినచో డ్రమ్ము ఎంత పైకి లేచినదో చూచినంతనే తెలియును. గుమ్మటము ప్లాంటులో గ్యాసు నిండిన కొలది పేడనీరు బయటి తొట్టిలోనికి త్రోయబడును. బయటి తొట్టిలో మట్టము పైకి వచ్చియున్నచో లోపల గ్యాసు ఉన్నదని గ్రహింపవలెను. గ్యాసు ఉండియు పొయ్యి మండకున్నచో లోపము గొట్టములోనో పొయ్యిలోనో ఉన్నది. గ్యాసే లేనిచో లోపమును ప్లాంటు వద్దనే, ముఖ్యముగా పేడ లెక్కలో వెదకవలెను.

రెండు ఘనమీటర్ల ప్లాంటుకు దినమునకు సుమారు 50 కిలోల పేడ, అంతే నీరు కావలెను. ఇంట నాలుగైదు పశువులున్నగాని ఇంత పేడ సమకూరదు. రెండు పశువులను అమ్మివేసి, పొయ్యి చెడినదని అనుకొనుట పొరపాటు. పేడను చేతితో చిదిమి, గడ్డిపరకలు, ఇసుక తీసివేసి, నీటితో సమముగా కలిపి వేయవలెను. సబ్బునీరు, ఫినాయిలు, పురుగుమందులు కలిసిన నీరు ప్లాంటులో పడినచో సూక్ష్మజీవులు చచ్చును, గ్యాసు తగ్గును. చలికాలములో వాటి పని మందగించుట వలన కూడ గ్యాసు తగ్గుట సహజము. డ్రమ్మును దినమునకొకసారి అటునిటు త్రిప్పుచున్నచో పైన తెట్టు కట్టదు.

కొత్తగా పేడ నింపిన ప్లాంటులో మొదట వచ్చు వాయువులో బొగ్గుపులుసు వాయువు అధికము, దానితో గాలియు కలిసి యుండును. అది మండదు. దానిని ఆరుబయట వదలివేయవలెను. ఆ సమయమున దరిదాపుల నిప్పు ఉండరాదు. ప్లాంటు వద్ద అగ్గిపుల్ల గీచి గ్యాసును పరీక్షించుట ప్రాణాపాయము. పరీక్ష ఎప్పుడును పొయ్యి వద్దనే జరుగవలెను.

రెండవ పరీక్ష: గొట్టములో నీరు

మంట ఊగిసలాడుచు, ఒకసారి ఎగసి ఒకసారి తగ్గుచు, చివరకు ఆరిపోవుచున్నచో గొట్టములో నీరు చేరినదని తలంపవలెను. తొట్టిలోని వెచ్చని గ్యాసులో తేమ నిండుగా ఉండును. చల్లని గొట్టములోనికి రాగానే ఆ తేమ నీటిబొట్లుగా మారి పల్లమైన చోట నిలుచును. వర్షాకాలమునను శీతకాలమునను ఈ బాధ మెండు.

గొట్టము మార్గములో అన్నిటికంటె పల్లముగా నున్న చోట నీరు తీయు మర ఉండవలెను. దానిని వాడు క్రమమిది: మొదట పొయ్యి మరను మూయవలెను. పరిసరములలో దీపము, చుట్ట, బీడీ ఏదియు లేకుండ చూచుకొనవలెను. ప్లాంటు వద్ద ప్రధాన కవాటమును తెరచియుంచి, నీటి మరను మెల్లగా విప్పినచో గ్యాసు ఒత్తిడికి నీరు బయటికి వచ్చును. నీరు ఆగి గ్యాసు చప్పుడు వినబడగానే మర మూయవలెను. వానకాలమున, చలికాలమున వారమునకొకసారి ఈ పని చేయుట మంచిది.

మరల మరల నీరు నిలుచుచున్నచో గొట్టము అమరికలోనే దోషమున్నది. గొట్టము ప్లాంటు వైపునకో, నీటి మర వైపునకో నూరు అడుగులకు ఒక అడుగు చొప్పున వాలుగా ఉండవలెను. నడుమ దిగబడిన చోట్ల ఊతకొయ్యలు నాటినను పని జరుగును.

మూడవ పరీక్ష: జెట్టు, బర్నరు

నీరు తీసినను మంట సన్నగానే యున్నచో పొయ్యిని చూడవలెను. పొయ్యి మరను, ప్లాంటు వద్ద కవాటమును మూసి, పొయ్యి చల్లారిన పిమ్మట బర్నరు పైమూతను తీయవలెను. పొంగిన పాలు, గంజి ఎండి చిల్లులు పూడుకొనియుండును. వేడినీటిలో నానవేసి, పండ్లు తోము కుంచెతో రుద్ది, ఒక్కొక్క చిల్లును సన్నని తీగతో పొడిచి, బాగుగా ఆరబెట్టి మరల అమర్చవలెను. తడిగా నున్నపుడు అమర్చినచో మంట సరిగా పట్టదు.

జెట్టును విప్పి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూచినచో రంధ్రము పూడినదో లేదో తెలియును. సబ్బునీటిలో కడిగి నోటితో ఊదవలెను. అప్పటికిని పోనిచో సన్నని రాగితీగ వాడవచ్చును. మేకుతోగాని దబ్బనముతోగాని పొడువరాదు. రంధ్రము పెద్దదైనచో గ్యాసు వృథాయగును, గాలి లెక్క తప్పును. సిలిండరు పొయ్యి జెట్టు గోబర్ గ్యాసుకు పనికిరాదు. గోబర్ గ్యాసులో సత్తువ తక్కువ, కావున దాని జెట్టు రంధ్రము పెద్దది. అదే కారణమున గోబర్ గ్యాసు పొయ్యికి సిలిండరును ఎన్నడును తగిలింపరాదు. మంట అదుపు తప్పును.

మంట చెప్పు సంగతి

నీలిమంట మంచి మంట. పసుపుపచ్చని మంట వచ్చి పాత్ర అడుగు మసిబారుచున్నచో గాలి చాలలేదని అర్థము. అపుడు జెట్టు ప్రక్కనున్న గాలి కన్నములను కొంచెము తెరువవలెను. మంట బర్నరును వదలి పైకి లేచి చప్పుడుతో ఆరిపోవుచున్నచో గాలియో ఒత్తిడియో అధికమైనది. గాలి కన్నములను కొంచెము మూసి, మరను తగ్గించి చూడవలెను. గుమ్మటము ప్లాంటులో రాత్రి పోగైన గ్యాసు వలన ఉదయము ఒత్తిడి ఎక్కువ, వాడుచుండగా తక్కువయగును. ఇది లోపము కాదు. మరను సవరించుకొన్న చాలును.

మంట 'టప్' అను శబ్దముతో వెనుకకు పోయి జెట్టు వద్ద మండుచున్నచో వెంటనే మర మూయవలెను. పొయ్యి చల్లారిన పిదప మరల వెలిగింపవలెను. వెలిగించునపుడు మొదట అగ్గిపుల్ల గీచి బర్నరు వద్ద ఉంచి, తరువాత మర త్రిప్పవలెను. మర త్రిప్పి అగ్గిపెట్టె కొరకు వెదకుట చేటు.

గ్యాసు కారుట

గాలిలో మీథేన్ నూటికి 5 మొదలు 15 పాళ్ల వరకు కలిసియున్నపుడు నిప్పురవ్వ తగిలినచో ప్రేలును. కావున కుళ్లిన గ్రుడ్డు వాసన వచ్చినచో పొయ్యి మరను, ప్రధాన కవాటమును మూసి, తలుపులు, కిటికీలు తెరువవలెను. కరెంటు స్విచ్చిని వేయరాదు, ఆర్పరాదు. గోబర్ గ్యాసు గాలికంటె కొంచెము తేలిక గనుక వంటయింటి గోడకు పైకప్పు దగ్గర గవాక్షముండుట అవసరము.

వాసన పోయిన తరువాత కవాటము తెరచి, ప్రతి అతుకు మీదను సబ్బు నురుగు పూయవలెను. బుడగలు లేచిన చోట గ్యాసు కారుచున్నది. అగ్గిపుల్లతో ఈ పరీక్ష చేయుట ఆత్మహత్యతో సమానము. పొయ్యి వద్దనున్న రబ్బరు గొట్టము పగుళ్లు వారినచో అతుకు వేయక, గ్యాసు కొరకు తయారైన ప్రామాణిక ముద్ర గల కొత్త గొట్టమును తెచ్చి బిగింపుతో తగిలింపవలెను. డ్రమ్ము తుప్పుపట్టి రంధ్రము పడినను, గుమ్మటము పగిలినను అది ఇంటివారి పని కాదు. శిక్షణ పొందిన పనివానిని పిలువవలెను.

ప్రాణము మీదికి తెచ్చు పని

అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక ఒకటి కలదు. పేడ తొట్టిలోనికి, అది ఖాళీగా కనబడినను, ఎవరును దిగరాదు. అందు ప్రాణవాయువు చాలదు, విషవాయువు నిలిచియుండును. హైడ్రోజన్ సల్ఫైడు స్వల్పముగా ఉన్నపుడు దుర్వాసన వేయును, అధికమైనపుడు ముక్కు మొద్దుబారి వాసనయే తెలియదు. వాసన లేదు గదా అని దిగినవాడు క్షణములలో స్పృహ తప్పును. వానిని రక్షింపబోయి దిగిన రెండవవానికిని అదే గతి. తండ్రిని కాపాడబోయి కొడుకు, అన్నను కాపాడబోయి తమ్ముడు ప్రాణములు కోల్పోవుట ఇట్లే జరుగును. ఎవరైన పడినచో లోనికి దిగక, అగ్నిమాపక దళమును 101కిగాని, అత్యవసర సేవను 112కిగాని ఫోను చేసి పిలువవలెను. తొట్టి నోళ్లపై గట్టి మూతలున్నచో పిల్లలు, దూడలు పడుట తప్పును.

పంచాయతీ చేయదగిన పని

ఇంతవరకు చెప్పినవి ఇంటివారు చేయదగిన పనులు. పంచాయతీ పూనుకొన్నచో ఇవి ఊరంతటికి అలవడును. ఊరిలో ఎన్ని ప్లాంట్లున్నవి, ఎన్ని నడచుచున్నవి, ఆగినవి ఏ కారణమున ఆగినవి అను మూడు విషయములతో ఒక జాబితా వ్రాయింపవచ్చును. పానాలు, బిగింపులు, రాగితీగ, ఒకటి రెండు జెట్లు ఒక పెట్టెలో ఉంచి పంచాయతీ కార్యాలయమున అందుబాటులో నుంచినచో ప్రతి ఇంటివారును కొనవలసిన పని లేదు. ఊరి యువకులలో ఒకరిద్దరికి శిక్షణ ఇప్పించినచో వారికి పని, ఊరికి మేలు.

పొయ్యి ముందు కూర్చుండునది స్త్రీలు గనుక మంట రంగును, నీటి మరను, సబ్బు నురుగు పరీక్షను మొదట వారికి నేర్పవలెను. మహిళా సంఘము సమావేశమున ఒక గంట కేటాయించినచో ఈ పని నెరవేరును. తొట్టిలోనికి దిగరాదను హెచ్చరికను ప్లాంటు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించుటకు సున్నము, కుంచె చాలును.

2016లో ప్రారంభమైన ఉజ్జ్వల పథకము వలన పెక్కు ఇండ్లకు సిలిండర్లు వచ్చినవి. సిలిండరు ఉన్నదని పెరటిలోని ప్లాంటును పాడుపెట్టుకొనుట లాభము కాదు. సిలిండరు అయిపోయినచో డబ్బిచ్చి మరల తెచ్చుకొనవలెను. పేడ మన కొట్టములోనిదే, ఎరువు మన పొలమునకే. రెండు ఘనమీటర్ల గ్యాసు సుమారు ముప్పాతిక మొదలు ఒక కిలో వరకు వంటగ్యాసుతో సమానమని తెలిసినచో, దినదినము ఆదా యగునది ఎంతో ఎవరికి వారే లెక్కగట్టుకొనవచ్చును.

మీ ఊరిలో ఆగిపోయిన ప్లాంటు ఒకటి ఉన్నదేమో ఈ వారము విచారింపుడు. మొదట పేడ లెక్క, తరువాత నీటి మర, తరువాత బర్నరు: ఈ వరుసలో చూడుడు. తొట్టిలోనికి మాత్రము ఎవరినీ దిగనీయకుడు.