నూతిలో దిగుటకు ముందు

వేసవి రాగానే పూడిక తీయుటకు మన రైతులు పాతనూతులలో దిగుచుందురు. దిగినవాడు క్షణములలో సొమ్మసిల్లి పడుట, వానిని తెచ్చుటకై తమ్ముడు దిగి తానును లేవకపోవుట పలుమార్లు జరిగినది. దయ్యము పట్టెనని కొందరందురు. పట్టినది గాలియే.

ఆకులలములు క్రుళ్ళినచోట బొగ్గుపులుసు గాలి పుట్టును. అది మామూలు గాలికంటె ఒకటిన్నర రెట్లు బరువగుటచే నూతి యడుగుననే నిలుచును. నూటికి 21 పాళ్లుండవలసిన ప్రాణవాయువు అచ్చట తగ్గిపోవును.

లాంతరు దింపి చూచుట మన పెద్దల పద్ధతి. దీపమారినచో దిగరాదనుట నిజమే; వెలుగుచున్నచో దిగవచ్చుననుట మాత్రము నిజము కాదు. నీరు 7 మీటర్లకు మించి లోతున్నచో పంపు సరిగా పీల్చలేదని కొందరు ఆయిలు ఇంజనును నూతిలోని యరుగుపైకి దింపుదురు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడు దీపము నార్పదు, మనిషిని చంపును. మురుగునుండి పుట్టు మండెడు గాలియున్నచో దీపమే ముప్పు. కావున గాలిని కొలుచు పరికరము నొకదానిని సంఘము కొని సభ్యులకు బాడుగకిచ్చుట మేలు.

అయినను మొదట తర్ఫీదు కావలసినది దిగువానికి కాదు, గట్టుననున్న వారికి. దిగువాని చంకలక్రింద మోకు కట్టి, రెండవకొనను గిలకమీదుగా ఇద్దరు పట్టుకొనవలెను. పనికి ముందే మనిషియంత బరువుగల ఇసుకబస్తాను దింపి పైకి లాగి చూడవలెను. గిలక బిగిసిపోవుటయో, ముడి జారుటయో ఉన్నచో బస్తాతోనే బయటపడును. క్రిందివాడు మాటకు మారు పలుకనిచో ఎవరును దిగరాదు, కన్నకొడుకైనను సరే. మోకు లాగవలెను, 101కి ఫోను చేసి అగ్నిమాపకదళమును పిలువవలెను.