ఊబకాయం, ఇన్సులిన్ నిరోధకత, చిగుళ్ల వ్యాధి: పరస్పర సంబంధం

పళ్లు తోముకొనేటప్పుడు చిగుళ్ల నుంచి రక్తం వస్తే మీరేం చేస్తారు? చాలామంది బ్రష్షో, పేస్టో మారుస్తారు. అయితే అది నోటికి మాత్రమే సంబంధించిన సమస్య కాకపోవచ్చు. ఎందుకో ఈ విభాగంలో తెలుసుకుందాం.

కొవ్వు కణజాలం శక్తిని నిల్వ చేయడమే కాక, రసాయన సంకేతాలనూ విడుదల చేస్తుంది. ఊబకాయంలో, ముఖ్యంగా పొట్ట లోపలి కొవ్వు పెరిగినప్పుడు, టి.ఎన్.ఎఫ్.-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి వాపు కారకాలు ఎక్కువగా వెలువడతాయి. టి.ఎన్.ఎఫ్.-ఆల్ఫా కణాల్లో ఇన్సులిన్ సంకేతాన్ని అడ్డుకుంటుంది. రక్తంలో ఇన్సులిన్ ఉన్నా కణాలు దానికి సరిగా స్పందించవు. దీన్నే ఇన్సులిన్ నిరోధకత అంటారు.

ఇప్పుడు చిగుళ్లను గమనించండి. పళ్లపై పేరుకొన్న పాచిలోని బాక్టీరియాను దేహం ఎదుర్కొనే క్రమంలో చిగుళ్లు వాస్తాయి. వాపు కారకాలు, గ్లూకోజు అధికంగా ఉన్నవారిలో ఈ వాపు తీవ్రమై, పంటిని పట్టి ఉంచే ఎముక క్షీణించవచ్చు.

ఈ సంబంధం రెండు వైపులా పనిచేస్తుంది. చిగుళ్లలోని వాపు కారకాలు రక్తంలో చేరి ఇన్సులిన్ నిరోధకతను పెంచగలవు. చిగుళ్ల చికిత్స పొందిన మధుమేహ రోగుల్లో మూడు, నాలుగు నెలలకు హెచ్‌బిఎ1సి సగటున సుమారు 0.4 శాతం తగ్గినట్లు పరిశోధనల్లో తేలింది. ఈ చికిత్స మందులకు తోడే కాని, ప్రత్యామ్నాయం కాదు.

ఊబకాయం ఉన్న ప్రతి ఒక్కరికీ చిగుళ్ల వ్యాధి వస్తుందని దీని అర్థం కాదు. నోటి పరిశుభ్రత లేకపోవడం, పొగాకు వాడకం కూడా ముఖ్య కారణాలే.

కృత్యం: మీ ఇంట్లో మధుమేహం ఉన్నవారు దంతవైద్యుణ్ణి చివరిసారి ఎప్పుడు కలిశారో అడిగి తెలుసుకోండి.