టేపుపై వ్రాసిన తేది

గడచిన మాఘమాసమున మా యింటికి సున్నము వేయించు సందర్భమున అటకమీది సామానంతయు దింపవలసి వచ్చినది. మేము తుర్కయంజాలులో, మాసబ్ చెరువునకు అంతగా దూరము కాని యొక వీథిలో కాపురమున్నాము. దించిన వానిలో మా మామగారి యినుపపెట్టె యొకటి. అందు పాఠశాల రిజిస్టరుల క్రింద గుడ్డలో చుట్టిన క్యాసెట్టు దొరకినది. దానిపై ఆయన గుండ్రని దస్తూరిలో "ఘంటసాల కచేరి, 1976" అని యున్నది.

మామగారు గతించి ఆఱేండ్లయినది. ఆ యక్షరములు చూడగానే మా అత్తగారు చేతిలోని చేట క్రింద పెట్టిరి. "ఇది మేమిద్దరం పోయి విన్న కచేరీనే బిడ్డా. పెండ్లయిన యేడు తీసుకపోయిండు. ఎవరో రికార్డు చేస్తుంటే నేను చూసిన" అనిరి. వారి వివాహము 1972లో. మా వారు ప్రక్కనుండి, "ఘంటసాలవారు 1974 ఫిబ్రవరి 11వ తేదినే పోయిరి గదా, 1976లో స్వర్గమునుండి పాడిరా యేమి?" అనిరి. బడిపంతులుగారి పరిహాసములు ఇంటిలోనివారికే తగులును. కాని ఆ ప్రశ్న మమ్ము వదలలేదు. తేది తప్పా, పేరు తప్పా, అత్తగారి జ్ఞాపకము తప్పా? వారు మా ఆడబిడ్డగారి యింటికి నెలదినములకై వెళ్లిరి. వచ్చునప్పటికి తేల్చి చెప్పవలెనని పూనుకొంటిమి.

మొదట వినుటకే యంత్రము లేదు. దిల్‌సుఖ్‌నగరులో నాలుగు దుకాణములు తిరిగితిమి, అంతట సెల్‌ఫోనులే. ఒక యాదివారము ఎల్.బి. నగరులో మెట్రోబండి యెక్కి ఎఱ్ఱగడ్డ సంతకు పోయితిమి. అచట పాతసామానుల నడుమ టేపురికార్డరు నొకదానిని విప్పి కూర్చున్న వృద్ధుడు, "గీటిని ఇప్పుడెవ్వలు అడుగుతలేరమ్మా" అనుచునే రబ్బరుపట్టీ మార్చి యిచ్చెను. మా టేపును వెలుతురునకెత్తి చూచి, బూజు పట్టలేదనియు, ఏండ్లకొలది కదలనిది గనుక ముందు ఒకమారు చివరివరకు త్రిప్పి, మరల వెనుకకు త్రిప్పి, పిమ్మట వినవలసినదనియు బోధించెను. ప్లాస్టిక్కు పట్టీపై పూసిన యినుపచూర్ణమే గదా ధ్వనిని మోయునది. చెమ్మ తగిలిన అది ఊడి పోవును, పోయిన ధ్వని మరి రాదు. ఇంట టేపులున్న సోదరీమణులు వానిని మొదటిమారు వినునప్పుడే సెల్‌ఫోనులోనికో కంప్యూటరులోనికో ప్రతి యెత్తుకొనుట మేలు. మేమట్లే చేసితిమి.

వింటిమి. పలుమారులు వింటిమి. మా తండ్రిగారు బాల్యమున మాకు కావ్యములు చెప్పునప్పుడు పాఠాంతరములనెడి మాట తఱచుగ వచ్చెడిది. బ్రౌను దొర పల్లెపల్లెనుండి వ్రాతప్రతులు తెప్పించి, పండితులచే ఒకదానితో నొకటి పోల్పించి, వేమన పద్యములను 1829లో అచ్చువేయించెను. ప్రతి వ్రాసినవాడు చివర వేసికొనిన తేది ప్రతికి చెందును గాని కవికి చెందదని మా తండ్రిగారు చెప్పెడివారు. మామగారు వ్రాసిన 1976 కూడ అట్టిదే కావలెను: ఎవరియొద్దనో ప్రతి యెత్తించుకొనిన సంవత్సరము. టేపు కూడ ఆ మాటనే చెప్పుచున్నది. అది అరువది నిమిషములది, ముప్పది నిమిషములకు ప్రక్క మార్చవలెను. ఆ చోట పాట తెగుట సహజము. కాని దానికి ముందే ఒకచోట పద్యము నడుమ క్షణకాలము తెంపు గలదు. అది పూర్వప్రతిలో చుట్ట మార్చిన చోటు.

ఇక కచేరి ఎన్నటిది? "శివశంకరీ" పాడినారు, ఆ పాటగల జగదేకవీరుని కథ 1961లో వచ్చినది. కనుక అంతకు ముందుది కాదు. మా వారి సహోపాధ్యాయునొకరి యింట ఈ కచేరికే మఱియొక ప్రతి కలదని తెలిసి, అడిగి తెచ్చుకొంటిమి. ఘంటసాలవారి అభిమానుల యిండ్లలో ఇట్టి టేపులు మన నగలవలె భద్రముగ నుండును, నగలకన్న కష్టముమీద అరువు దొరకును! ఆ ప్రతిలో మొదటి మాటలు మిగిలియున్నవి. సభకు పరిచయము చేయువారు "పద్మశ్రీ ఘంటసాల" అనుచున్నారు. ఆ బిరుదము 1970లో వచ్చినది. ఆ యేటనే ఫిబ్రవరి 1వ తేదిన హైదరాబాదు లాల్‌బహదూరు స్టేడియములో ఆయనకు రజతోత్సవము జరిగినది. కాబట్టి మన కచేరి 1970 మొదలు 1974 మొదటి దినముల వఱకు గల నాలుగేండ్లలోనిది. 1971లో ఆయన ఇంగ్లండు, జర్మనీ, అమెరికాలలో పాడివచ్చిరి. పరిచయము చేసినవారు ఆ మాట యెత్తలేదు. దీనినిబట్టి ఆ యాత్రకు ముందుదనవచ్చునా? మౌనము సాక్ష్యము కాదని యూరకుంటిమి.

ఇంకొక వింత. ఒకే భాగము వారి ప్రతిలో ఇరువది నిమిషములు నడువగా, మా దానిలో పందొమ్మిదికి లోపుననే ముగిసినది. శ్రుతియు ఒక స్వరస్థానము హెచ్చు. రెంటిలో ఏది నిజము? గాయకుని గొంతునుబట్టి చెప్పలేము, సభను బట్టి శ్రుతి మార్చుకొనవచ్చును. పరిచయము చేయువారి చివరిమాటలు మా ప్రతిలోను కొన్ని మిగిలినవి. అవి చిన్నపిల్లవాడు తొందరగా అప్పచెప్పినట్లున్నవి. మా ప్రతియే పరుగెత్తుచున్నదని తేలినది. ఇన్నాళ్లు మామగారు విని మురిసిన గొంతు కొంత సన్నపడిన గొంతన్నమాట.

ఈ వెఱ్ఱి మనకే యున్నదనుకొనరాదు. న్యూయార్కులోని మెట్రపాలిటన్ సంగీతనాటకశాలలో గ్రంథపాలకుడగు మేపుల్సన్ 1901 మొదలు 1903 వఱకు నాటకము జరుగుచుండగానే మైనపు గొట్టములపై పాటలు పట్టెను. అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ అను రాక్ వాద్యబృందము 1965 మొదలు 1995 వఱకు రెండువేల మూడువందలకు పైగా కచేరీలు చేసినది. అభిమానులు ఏనాడు ఏ పాట పాడిరో కూర్చి డెడ్‌బేస్ అను గ్రంథమును 1987లో వెలువరించిరి. ఆ బృందమువారు 1984లో టేపు పట్టువారికి సభలో వేరుగ చోటే యిచ్చిరి. నియమ మొకటే, అమ్మరాదు. బాబ్ డిలన్ పాటలను ఆయన యనుమతి లేకయే 1969లో తెల్లని యట్టలో పెట్టి అమ్మిన రికార్డు మొదలు ఇట్టివానికి బూట్‌లెగ్ అను పేరు ప్రసిద్ధమైనది. బూటుగొట్టమున సారాసీసా దాచి తెచ్చుటనుండి వచ్చిన మాటయట! మన శాసనమును 1994లో సవరించినప్పుడు, తన ప్రదర్శనమును అనుమతి లేక ముద్రింపకుండ ఆపు హక్కును గాయకునికి చేర్చిరి. తాను వినుటకు, విద్యాపరిశోధనలకు పట్టుకొనుట మాత్రము తప్పు కాదనిరి. సహోపాధ్యాయునివారు టేపు ఇచ్చుచు, "అంగడిలో పెట్టనియ్యకుండ్రి" అని రెండుమారులు చెప్పుట మాకు నచ్చినది.

నెల గడచి అత్తగారు వచ్చిరి. మేము వేగము సరిచేసిన ప్రతిని వినిపించితిమి. కన్నులు మూసికొని తుదివఱకు వినిరి. తేది విషయమై మేము నోరు విప్పక మున్నే, "ఇది కాదు బిడ్డా" అనిరి. "మేము పోయిన కచేరీల నడుమ వాన పడ్డది. పందిట్లకు నీళ్లొస్తే అందరం లేచినం. ఆయన ఆగి, మళ్ల పాడిండు. ఇండ్ల వాన లేదు, లేచిన సప్పుడు లేదు."

రెండు ప్రతులను మొదటినుండి వెదకితిమి. తెంపు ఒక్క క్షణమే. తెంపునకు ముందు పద్యము, తరువాతయు అదే పద్యము. వాన లేదు. మా లెక్కలకన్న ఆమె చెవి గట్టిది. మామగారు దీనినెందుకు తెచ్చిరో, ఆ రాత్రి కచేరి యనుకొనియా, దొరకినది చాలుననియా, అడుగుటకు ఆయన లేరు.

పెట్టెపై చీటి మార్చి, "ఘంటసాల కచేరి, 1970–74, ప్రతి 1976" అని వ్రాసి, మామగారి చీటిని చింపక దాని క్రిందనే యుంచితిమి. అత్తగారు సాయంకాలము బియ్యము చెరుగుచు మా వారిని పిలిచి, "వాన లేకపోతే యేమాయెరా, ఇంకోసారి పెట్టు" అనిరి. "సరిచేసినదా, పాతదా?" అని మా వారడిగిరి. "మీ నాయిన విన్నదే పెట్టు" అనిరి.