మిట్టపల్లాల దారిలో సైకిలు

ఒక ప్రాంతాన్ని చూడడానికి పలు మార్గాలు ఉన్నాయి. బస్సులో పోయేవారికి దారి పక్కనున్న చెట్లు వెనుకకు పరుగెత్తుతున్నట్లు కనిపిస్తాయి. ఏది చింతచెట్టో, ఏది కానుగచెట్టో పోల్చుకొనేలోగానే అవి దాటిపోతాయి. నడిచి పోయేవారికి ప్రతి చెట్టూ, ప్రతి గట్టూ కనిపిస్తుంది. కాని పొద్దు గూకేలోగా వారు ఎంతో దూరం పోలేరు. ఈ రెండింటికీ నడుమ ఉన్నది సైకిలు. అది దూరాన్ని దగ్గర చేస్తుంది. అయినా దారిని దాచిపెట్టదు. ఇష్టమైన చోట కాలు నేలకు ఆనించి నిలబడవచ్చు. తొందర లేకుండా సాగే సైకిలు ప్రయాణం ఒక పాఠం వంటిది.

కర్ణాటక రాష్ట్రంలో, చిక్కబళ్ళాపురం జిల్లాలోని బాగేపల్లి తాలూకాలో మిట్టేమరి ఒక హోబళి కేంద్రం. 2007వ సంవత్సరం వరకు ఈ తాలూకా కోలారు జిల్లాలో ఉండేది. ఆంధ్రప్రదేశ్ సరిహద్దు ఇక్కడికి దూరం కాదు. ఊరి పేరులోనే 'మిట్ట' అనే మాట వినిపిస్తుంది. మిట్ట అంటే ఎత్తయిన నేల. నిజానికి ఈ సీమ అంతా మిట్టపల్లాలమయం. ఇక్కడ సైకిలు తొక్కేవారికి ఈ సంగతి కళ్ళకంటె ముందు కాళ్ళకు తెలుస్తుంది.

సైకిలు వయస్సు రెండు వందల సంవత్సరాలు దాటింది. 1817లో జర్మనీ దేశస్థుడైన కార్ల్ డ్రైస్ రెండు చక్రాల కొయ్యబండిని తయారు చేశాడు. దానికి పెడళ్ళు లేవు. కాళ్ళతో నేలను తన్నుతూ పోవలసి ఉండేది. 1860 తరువాత పారిస్ నగరంలో ముందు చక్రానికి పెడళ్ళు అమర్చారు. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ దాదాపు సమానమైన రెండు చక్రాలతో, వెనుక చక్రాన్ని గొలుసు తిప్పే సైకిలును రూపొందించాడు. 1887లో జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడు చక్రాల బండి కోసం గాలి నింపిన టైరును చేశాడు. నేటి సైకిలు ఆకారం ఆనాటికే సిద్ధమైంది. ఆ తరువాత మోటారు బండ్లు, విమానాలు ఎంతో మారాయి గాని సైకిలు స్వరూపం పెద్దగా మారలేదు.

ఇంత చిన్న యంత్రం ఇంత మేలు ఎలా చేస్తున్నది? లెక్క వేస్తే తెలుస్తుంది. పెడళ్ళ వద్దనున్న పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనుక చక్రం వద్దనున్న చిన్న పళ్ళచక్రానికి 22 పళ్ళు ఉన్నాయనుకొందాం. పెడలు ఒక చుట్టు తిరిగితే వెనుక చక్రం రెండు చుట్లు తిరుగుతుంది. పెద్ద సైకిలు చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. అంటే రెండు కాళ్ళూ చెరొకసారి తొక్కగానే సైకిలు 4.4 మీటర్లు ముందుకు పోతుంది. నడకలో రెండు అడుగులు వేస్తే సాగే దూరం ఒకటిన్నర మీటరుకు మించదు. నడకలో శరీరం బరువును కాళ్ళే మోయాలి. సైకిలుపైన ఆ బరువును సీటూ చక్రాలూ మోస్తాయి. అందుకే గంటకు 5 కిలోమీటర్లు నడిచే మనిషి, అంతకంటె తక్కువ అలసటతో గంటకు 12 కిలోమీటర్లు సైకిలుపై పోగలడు.

అయితే మిట్ట ఎక్కేటప్పుడు ఈ లెక్క తారుమారవుతుంది. అక్కడ మనిషి తనను, సైకిలును, వెనుక క్యారియరుపై ఉన్న మూటను పైకి ఎత్తుకొని పోవాలి. ఊపిరి బరువైనప్పుడు దిగి సైకిలును నడిపించుకొని పోవడమే మేలు. అందులో నామోషీ లేదు. మిట్టపై పడిన శ్రమను పల్లం తిరిగి చెల్లిస్తుంది. పెడలు తొక్కకుండానే సైకిలు జారిపోతుంది. పల్లంలో ముందు బ్రేకును ఒక్కసారిగా బిగబట్టరాదు. రెండు బ్రేకులనూ మెల్లమెల్లగా నొక్కాలి.

ప్రయాణానికి తెల్లవారుజాము మంచి సమయం. బయలుదేరే ముందు టైర్లను వేలితో నొక్కి గాలి చూసుకోవాలి. గొలుసుకు నూనె ఉన్నదా, బెల్లు మోగుతున్నదా, బ్రేకులు పట్టుతున్నవా అని పరీక్షించాలి. ఒక సీసాలో తాగే నీరు తీసుకోవాలి. సీటు ఎత్తు సరిగ్గా ఉండాలి. లేకుంటే త్వరలోనే మోకాళ్ళు నొప్పి పుడతాయి.

ఊరు దాటి మిట్టేమరి నుండి బాగేపల్లి వైపు సాగితే రెండు పక్కలా చేలు కనిపిస్తాయి. వానలు కురిసిన సంవత్సరం రాగి, వేరుసెనగ, కంది పచ్చగా ఉంటాయి. కానుగ, వేప, చింతచెట్లు ఈ సీమకు నేస్తాలు. కానుగచెట్టు ఎండను తట్టుకొంటుంది, నీడనిస్తుంది. పూర్వం దాని గింజల నూనె దీపాలలో వెలిగేది. కరెంటు తీగపై కూర్చొన్న పాలపిట్ట మట్టి రంగులో కనిపిస్తుంది. సైకిలు దగ్గరకు రాగానే అది రెక్కలు విప్పి ఎగురుతుంది. అప్పుడు ఆ రెక్కలలోని నీలం రంగు తళుక్కుమంటుంది. పాలపిట్ట కర్ణాటక రాష్ట్ర పక్షి. తెలంగాణకు కూడా అదే రాష్ట్ర పక్షి. బస్సు చప్పుడుకు ముందే ఎగిరిపోయే పిట్టలు సైకిలును కొంతసేపు దగ్గరకు రానిస్తాయి.

చేల నడుమ, దూరాన గుండ్రని బండలు ఒకదానిపై ఒకటి పేర్చినట్లు ఉంటాయి. ఎవరో పేర్చినవి కావు అవి. ఈ సీమ రాళ్ళ వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. నేల లోపల గట్టిపడిన రాతిలో పగుళ్ళు ఏర్పడ్డాయి. ఆ పగుళ్ళలో నీరు దిగి, మూలలు అరిగి, పైమన్ను కొట్టుకుపోగా గుండ్లు మిగిలాయి. పొరుగునున్న గుడిబండ పట్టణానికి ఆ పేరు ఇటువంటి బండను చూస్తే సరిపోయినట్లే ఉంటుంది.

రాయి ఎక్కువ, వాన తక్కువ అయిన చోట చెరువే ప్రాణం. ఈ సీమలో ఏడాది పొడుగునా పారే నది లేదు. చిక్కబళ్ళాపురం ప్రాంతంలో పుట్టిన చిత్రావతి బాగేపల్లి తాలూకా గుండా ఆంధ్రప్రదేశ్‌లోకి పోయి, పుట్టపర్తి మీదుగా సాగి పెన్నా నదిలో కలుస్తుంది. వానలు కురిస్తేనే అందులో నీరు. అందువల్ల పూర్వీకులు పల్లాలకు అడ్డంగా కట్టలు వేసి వాననీటిని నిలిపారు. ఒక చెరువు నిండి మరవ పారితే ఆ నీరు దిగువనున్న చెరువుకు చేరుతుంది. సైకిలు మిట్ట ఎక్కి పల్లం దిగే కొద్దీ ఈ గొలుసుకట్టు ఏర్పాటు తెలిసివస్తుంది. కాళ్ళకు శ్రమ లేని వైపే నీరు పోతుంది.

చెరువులు ఎండిపోయిన సంవత్సరాలలో జనం బోరుబావులపై ఆధారపడ్డారు. బోర్లు లోతుకు పోయిన కొద్దీ మరొక ఇబ్బంది వచ్చింది. బాగేపల్లి తాలూకాలో అనేక బోర్ల నీటిలో ఫ్లోరైడు ఎక్కువగా ఉన్నది. లీటరు నీటిలో అది ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మించిన నీటిని ఏళ్ళ తరబడి తాగితే పిల్లల పళ్ళపై పసుపు, గోధుమ రంగు మచ్చలు పడతాయి. ఎముకలు కూడా దెబ్బ తింటాయి. అందుకే ప్రయాణంలో ఏ బోరు కనిపిస్తే ఆ బోరు నీరు తాగరాదు. శుద్ధి చేసిన నీటినే వెంట తీసుకొని పోవాలి. ఎండిన చెరువును చూసినప్పుడు అది కేవలం పైరుకు సంబంధించిన విషయం కాదని, పిల్లల పళ్ళకూ ఎముకలకూ సంబంధించిన విషయమని గుర్తుంచుకోవాలి.

దారి పొడుగునా రెండు భాషలు తోడు వస్తాయి. మైలురాయిపై, ఊరి బోర్డుపై కన్నడ అక్షరాలు ఉంటాయి. రచ్చకట్ట మీద కూర్చొన్న తాత మాత్రం తెలుగులో పలకరిస్తాడు. "ఏమప్పా, పొద్దున్నే యాడికి పోతుండావు?" అని అడుగుతాడు. "బాగేపల్లికి పోతుండా తాతా" అని జవాబు చెప్పకుండా ముందుకు పోవడం ఈ సీమలో మర్యాద కాదు. తెలుగులో 'పల్లి' అన్నదే కన్నడంలో 'హళ్ళి' అవుతుంది. ఇరుగు పొరుగు ఊళ్ళ పేర్లలో ఈ రెండూ కలసి ఉంటాయి. బాగేపల్లి పేరును భాగ్యనగరగా మార్చాలని 2025లో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. బోర్డుపై పేరు ఏదైనా, ఊళ్ళ పేర్లను విడదీసి అర్థం తెలుసుకొనే అలవాటు ఉంటే ప్రతి బోర్డూ ఒక చిన్న చరిత్ర పుస్తకమే.

బాగేపల్లి దగ్గరపడే కొద్దీ దారి స్వభావం మారుతుంది. చేల స్థానంలో ఇళ్ళు, అంగళ్ళు వస్తాయి. ఆటోలు, బస్సులు, లారీల రద్దీ పెరుగుతుంది. శ్రీనగర్ నుండి కన్యాకుమారి వరకు పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఈ పట్టణం మీదుగానే పోతుంది. ఇక్కడ పల్లెదారి అలవాట్లు పనికిరావు. సైకిలు ఎడమ అంచునే సాగాలి. ఇద్దరు పక్కపక్కన మాట్లాడుకొంటూ పోరాదు. మలుపు తిరిగేముందు వెనుకకు చూసి చేయి చాపాలి. రహదారిని దాటవలసి వస్తే దిగి, రెండు వైపులా చూసి, సైకిలును నడిపించుకొని దాటాలి. వేగంగా వచ్చే లారీ తాను అనుకొన్న చోట ఆగలేదు; ఆగవలసినది సైకిలే.

సైకిలు విహారానికి మాత్రమే కాదు. ఒక పిల్ల చదువు సాగుతుందా, ఆగుతుందా అనేది కొన్నిసార్లు దానిపైనే ఆధారపడుతుంది. చాలా పల్లెల బడులలో ఏడవ తరగతి వరకే చదువు ఉంటుంది. ఎనిమిదవ తరగతికి వేరే ఊరిలోని ఉన్నత పాఠశాలకు పోవాలి. బస్సు వేళకు రాదు. నాలుగైదు కిలోమీటర్లు నడిచి పోయి రావాలంటే పొద్దంతా దారిలోనే గడుస్తుంది. ఆడపిల్ల అయితే ఇంట్లోనే ఉండమంటారు. ఈ ఇబ్బందిని గమనించి కర్ణాటక ప్రభుత్వం ఎనిమిదవ తరగతి పిల్లలకు ఉచితంగా సైకిళ్ళు ఇచ్చే పథకాన్ని 2006–07లో ప్రారంభించింది. అది ఏళ్ళ తరబడి సాగింది. గంట నడక ఇరవై నిమిషాల ప్రయాణమైతే మిగిలిన సమయం చదువుకు దక్కుతుంది.

తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అంతకు ముందే ఒక గొప్ప మార్పు జరిగింది. 1991లో మొదలైన అక్షరాస్యతా ఉద్యమంలో చదువుతో పాటు సైకిలు తొక్కడం కూడా స్త్రీలకు నేర్పారు. అప్పటి జిల్లా కలెక్టరు షీలారాణి చుంకత్ దానికి అండగా నిలిచారు. పొలం కూలీలు, రాతి గనులలో పనిచేసేవారు, ఉపాధ్యాయినులు వేల సంఖ్యలో సైకిలు నేర్చుకొన్నారు. మొదట నవ్వినవారు ఉన్నారు. కాని నీళ్ళు తేవడానికి, సరుకు అమ్ముకోవడానికి, బిడ్డను ఆసుపత్రికి తీసుకొని పోవడానికి మరొకరి కోసం కాచుకొనే అవసరం ఆ స్త్రీలకు తగ్గింది. సైకిలు వారికి కాళ్ళను ఇవ్వలేదు. తమ కాళ్ళపై తాము నిలిచే ధైర్యాన్ని ఇచ్చింది.

ఐక్యరాజ్య సమితి 2018లో జూన్ 3వ తేదీని ప్రపంచ సైకిలు దినంగా ప్రకటించింది. పొగ లేని, చప్పుడు లేని, పేదవాడికీ అందుబాటులో ఉండే వాహనమని దీనిని ప్రపంచం గుర్తించింది. మిట్టేమరి పిల్లలకు ఈ సంగతి కొత్తది కాదు. అన్న సైకిలుపై కూర్చొంటే కాళ్ళు అందక, కమ్మీ సందులో నుండి కాలు దూర్చి తొక్కుతూ మోకాళ్ళు గీరుకొన్న ప్రతి పిల్లకూ పిల్లవానికీ దాని విలువ తెలుసు.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో, పొద్దున దిగిన పల్లమే మిట్ట అవుతుంది; ఎక్కిన మిట్టే పల్లమవుతుంది. దారి అదే అయినా కాళ్ళకు మరొక దారిలా తోస్తుంది. చెరువు కట్ట దగ్గరకు వచ్చేసరికి రచ్చకట్ట మీది తాత ఇంకా అక్కడే ఉంటాడు. "వచ్చేస్తివా నాయనా?" అంటాడు. ఆ పలకరింపుకు బదులు చెప్పడానికి సైకిలు ఆగుతుంది. బస్సు ఆగదు.