కుక్క వెనుకకాలి కట్టడము

కుక్క వెనుకకాలి మోకాలు వెనుకకు వంగునని చాలమంది తలంతురు. అది నిజము కాదు. వెనుకకు పొడుచుకొని మన కంటికి కనిపించు ఆ మూల మోకాలు కాదు, మడమ. మనము అరికాలు మొత్తము నేలకు ఆనించి నడచుచున్నాము. కుక్క వ్రేళ్ళపై మాత్రమే నడచును. కనుక దాని మడమ నేలనుండి పైకి లేచి యుండును. అసలు మోకాలు అంతకంటె పైన, పొట్టకు దగ్గరగా, మన మోకాలి వలెనే ముందుకు తిరిగి యున్నది. ఇంటి కుక్క నెమ్మదిగా పడుకొని యున్నప్పుడు పాదమునుండి పైకి చేతితో తడిమి చూచినచో ముందు మడమ, పిదప మోకాలిచిప్ప, ఆపైన తుంటికీలు వరుసగా తెలియవచ్చును.

నిలుచున్నప్పుడు కుక్క బరువులో నూటికి సుమారు 60 పాళ్ళు ముందుకాళ్ళపైనను, 40 పాళ్ళు వెనుకకాళ్ళపైనను పడును. అయినను పరుగునకు, దూకుటకు కావలసిన త్రోపుడు బలము ప్రధానముగా వెనుకకాళ్ళదే. ముందుకాలికిని మొండెమునకును నడుమ ఎముకల కీలు లేదు. కండరములే దానిని పట్టియుంచును. వెనుకకాలు అట్లు కాదు. తొడయెముక తల కటియెముక గుంటలో గుండ్రని కీలుగా అమరినది. ఆ కటి వెన్నెముకతో గట్టిగా బంధింపబడినది. అందుచేత కాలు నేలను తన్నిన బలము నేరుగా వెన్నునకు చేరి దేహమును ముందుకు నెట్టును.

ఇక కండరముల సంగతి. తొడ ముందుభాగమున నాలుగు తలలు గల పెద్ద కండరము కలదు. అది మోకాలిని చాచును. దాని కొస మోకాలిచిప్పను పొదువుకొని క్రిందియెముకపై నాటుకొనును. తొడ వెనుక మూడు పొడవైన కండరములు తుంటిని వెనుకకు చాచి దేహమును ముందుకు త్రోయును. లోపలివైపున పలుచని పట్టీ వంటి మరియొక కండరము కలదు. పందెములలో పరుగెత్తు గ్రేహౌండు కుక్కలకు చినుగుచుండు కండరములలో ఇది యొకటి.

మడమ వెనుక త్రాడువలె చేతికి తగులునది ఒక్క కండరపు కొస కాదు. పిక్కలోని జంట కండరము, వ్రేళ్ళను ముడుచు కండరమొకటి, తొడనుండి దిగివచ్చు మూడు కండరముల శాఖలు అందు కలియును. గ్రీకు గాథలలోని అకిలీసు అను వీరుని పేర దీనిని పిలుచుట వాడుక. ఇది పూర్తిగా తెగినచో మడమను ఎత్తిపట్టు ఆధారము పోయి, కుక్క మడమను నేలకు ఆనించి నడచును.

ఈ కండరములను పొదివి యుంచునది సంయోజక కణజాలము. బత్తాయిపండు ఒలిచి చూడుడు. తొక్క క్రింద తెల్లని పొర, తొనతొనకు ఒక పొర, తొనలోని రసపుతిత్తికి మరల ఒక పొర కనబడును. కండరము కూడ అట్టిదే. నూలుపోగు వంటి ప్రతి తంతువునకు, తంతువుల కట్టకు, మొత్తము కండరమునకు వేర్వేరు పొరలు కలవు. కండరము ముగియుచోట ఈ పొరలు కలిసి తెల్లని గట్టి త్రాడగును. కండరమును ఎముకకు కట్టు ఈ త్రాడు స్నాయుబంధనము. ఎముకను ఎముకకు కట్టునది సంధిబంధనము. రెంటికిని ముఖ్యద్రవ్యము కొల్లాజెన్ అను మాంసకృత్తు. దాని పోగులు లాగుడుకు మిక్కిలి ఓర్చును. కాని బంధనములకు రక్తప్రసారము తక్కువ. చినిగిన కండరము వారములలో అతుకుకొనగా, తెగిన స్నాయుబంధనము బలము పుంజుకొనుటకు నెలలు పట్టును.

మోకాలి లోపల రెండు సంధిబంధనములు కత్తెరవలె ఒకదానిపై నొకటి అడ్డముగా నున్నవి. వానిలో ముందరిది క్రిందియెముక ముందుకు జారకుండ ఆపును. కుక్కలో ఆ యెముక పైతలము సమముగా నుండదు. సుమారు 25 డిగ్రీలు వెనుకకు వాలి యుండును. కావున అడుగు వేసినప్పుడెల్ల తొడయెముక ఆ వాలున వెనుకకు జారజూచును. ఆ లాగుడు బంధనముపై పడును. మనుష్యులకు ఇది ఆటలలో ఒక్క దెబ్బకు తెగుట సామాన్యము. కుక్కలలో చాలవరకు వాడిన చేదత్రాడువలె పోగుపోగుగా అరిగి తుదకు తెగును. లాబ్రడారు, రాట్‌వైలరు వంటి పెద్దజాతులకును, స్థూలకాయము గల కుక్కలకును ఈ ప్రమాదము హెచ్చు.

లక్షణములు గమనింపదగినవి. కుక్క వ్రేలికొన మాత్రము నేలకు తాకించి నిలుచును. కూర్చుండునప్పుడు కాలు మడువక ప్రక్కకు చాచును. కొద్ది దినములకు కుంటు తగ్గినట్లు తోచును. గృహస్థు బెణుకని ఊరకుండును. ఇంతలో కీలు వాచి, నడుమనున్న మెత్తని మృదులాస్థి నలిగి, కీళ్ళవాతము స్థిరపడును. తొడ కండరము నానాటికి సన్నగిల్లును. పశువైద్యుడు తొడయెముకను ఒక చేతను, క్రిందియెముకను మరొక చేతను పట్టి కదల్చి చూచును. బంధనము తెగినచో క్రిందియెముక బల్లసొరుగువలె ముందుకు జారును. వాలియున్న యెముక తలను కోసి త్రిప్పి, లోహపు పలకతో బిగించి వాలు తగ్గించు శస్త్రచికిత్సను అమెరికా దేశపు పశువైద్యుడు బార్క్‌లే స్లోకం 1993లో ప్రకటించెను. నేడు ఇది పలుదేశములలో జరుగుచున్నది.

మన ఇండ్లలో నొప్పికి వాడు ఐబుప్రోఫెన్, పారాసెటమాల్ బిళ్ళలను కుక్కకు వేయరాదు. మొదటిది జీర్ణాశయమున పుండ్లు కలిగించి మూత్రపిండములను చెరచును; రెండవది కాలేయమునకు, రక్తమునకు చేటు. వైద్యుడు చూచువరకు కుక్కను దూకనీయక, నున్నని గచ్చుపై పరుగెత్తనీయక, పట్టెడ త్రాటితో కొద్దిదూరము మాత్రమే నడపవలెను. బరువు పెరుగనీయరాదు. ఒక కాలికి ఈ జబ్బు వచ్చిన కుక్కకు కాలక్రమమున రెండవ కాలికిని వచ్చుట అరుదు కాదు.

కుక్క అన్నము తినుచున్నది, తోక నాడించుచున్నది, కనుక నొప్పి లేదని నిశ్చయింపరాదు. ఈ జంతువు బాధను దాచుకొని తిరుగును. రెండు మూడు దినములైనను కుంటు పోనిచో పశువైద్యశాలకు తీసికొనిపోవుట పెంచినవారి బాధ్యత.