కాగితం మీద పెరిగే అడవి

పాడేరు దగ్గరి జి.మాడుగుల కొండల్లో మద్దిచెట్లు కొట్టేస్తే అడవి మళ్లీ ఎన్నాళ్లకు పెరుగుతుంది? కూర్చుని చూడాలంటే మన ఆయుష్షు చాలదు. అందుకే శాస్త్రజ్ఞులు అడవిని అంకెల్లో పెంచుతారు. 1972లో అమెరికాలో జానక్, బోట్కిన్, వాలిస్ ఈ పని కంప్యూటరు చేత చేయించారు. దాని పేరు ‘జాబోవా’. ముగ్గురి పేర్ల తొలి అక్షరాలే! వెలుతురు, వేడి, తేమలను బట్టి ఏ చెట్టు ఎంత లావెక్కుతుందో, ఏది చస్తుందో ఏటేటా లెక్కగట్టారు.

మీరూ పెన్సిలు తీయండి. ఒక కొండవాలున 20 పెద్ద చెట్లు, 50 నడిరకం చెట్లు ఉన్నాయనుకోండి. ప్రతి పదేళ్లకు నడిరకంలో అయిదో వంతు పెద్దవవుతాయి. ఆ ఖాళీని చిన్నవి నింపుతాయి. పెద్దవన్నీ కొట్టేస్తే, మళ్లీ 20 కావడానికి 20 ఏళ్లు. తేలికే కదూ! ఆగండి. పెద్ద మాను పక్కవాటిని విరుచుకుంటూ పడుతుంది. దుంగ ఈడ్చే దారిలో చిన్నవీ నలుగుతాయి కనుక ఆ లోటు వెంటనే తీరదు. నడిరకం 25కి పడిపోయి అక్కడే ఉండిపోయిందనుకోండి. అప్పుడు పదేళ్లకు 5 చెట్లే. 20 కావాలంటే 40 ఏళ్లు!

పోడు లెక్క వేరు. చెట్లు నరికి, కాల్చి, చోళ్లు, సామలు పండించి నేలను వదిలేస్తారు. చాలాకాలం వదిలితే మోళ్లు చిగిర్చి అడవి లేస్తుంది. మూడు నాలుగేళ్లకే మళ్లీ గొడ్డలి పడితే, మీ కాగితం మీద నడిరకం గడిలో ఏం రాస్తారు?

సున్నా.