‘తర్వాత చేస్తానమ్మా’ అనడం నేర్చుకున్నా!

‘మూడింటికి ఓసారి మాట్లాడదాం.’

మా మేనేజర్ నుంచి వచ్చిన మెసేజ్ అంతే. చదవగానే చెవులు వేడెక్కాయి. నిన్నటి రిపోర్టు నచ్చలేదు, నన్ను తీసేస్తున్నారు అని ఫిక్సయిపోయా. పది నిమిషాల్లో రాజీనామా టైప్ చేసి పంపేశా. తీరా చూస్తే, ఆవిడ మాట్లాడాలనుకున్నది కొత్త ప్రాజెక్టు గురించి! వెనక్కి తీసుకుంటానని అడగడానికి మొహం చెల్లలేదు. అలా పోయింది నా రెండో ఉద్యోగం.

ఇంట్లోనూ ఇదే కథ. ‘తిన్నావా’ అని అమ్మ రెండోసారి అడిగితే చాలు, అరిచేసేదాన్ని. అరగంటకి నా కోపం పోయేది. కానీ అమ్మ రాత్రిదాకా మాట్లాడేది కాదు. ‘దీనికి ముక్కు మీదే కోపం’ అని చుట్టాలంతా తేల్చేశారు. నేనూ నమ్మేశా.

కోపం కాదు, ఏడీహెచ్‌డీ

ఇరవై ఎనిమిదో ఏట సైకియాట్రిస్ట్ ‘ఏడీహెచ్‌డీ’ అన్నప్పుడు నవ్వొచ్చింది. అది క్లాసులో కుదురుగా కూర్చోని మగపిల్లలకు వచ్చేది కదా! నేనేమో కిటికీలోంచి చూస్తూ కూర్చునే పిల్లని. కానీ అదీ ఓ లక్షణమేనట. పెద్దవాళ్లలో ఈ సమస్యని నిర్ధారించాలంటే పన్నెండేళ్లలోపే కొన్ని లక్షణాలు కనిపించి ఉండాలి. అందుకే డాక్టర్ అమ్మని కూడా పిలిచి నా చిన్నప్పటి సంగతులన్నీ అడిగారు.

భావోద్వేగాలు అదుపు తప్పడం ఏడీహెచ్‌డీ ప్రధాన లక్షణాల జాబితాలో లేదు. అయినా ఇది ఉన్న పెద్దవాళ్లలో చాలామందికి ఆ ఇబ్బంది ఉంటుంది. కోపం అందరికీ వస్తుంది. మాకు వచ్చేది వేగంగా వస్తుంది, బ్రేకు ఆలస్యంగా పడుతుంది.

మందులతో పనిమీద ధ్యాస కుదిరింది. కోపం కొంతే తగ్గింది. అప్పుడు కౌన్సెలర్ డీబీటీ, అంటే డయలెక్టికల్ బిహేవియర్ థెరపీలోని మెలకువలు నేర్పారు. దీన్ని రూపొందించింది అమెరికాకి చెందిన సైకాలజిస్ట్ మార్షా లినెహాన్. మొదట్లో ఆత్మహత్య ఆలోచనలతో సతమతమయ్యేవాళ్ల కోసం మొదలుపెట్టారు. తానూ వయసులో ఉన్నప్పుడు మానసిక చికిత్స కోసం ఆసుపత్రిలో ఉన్నానని ఆవిడ 2011లో బయటపెట్టారు. ఆ మాట విన్నాకే నాకు ఈ పద్ధతి మీద గురి కుదిరింది.

నాకు పనికొచ్చినవి ఇవీ...

ఆగడం: ముందు చేతులు ఆపాలి. ఫోన్ బోర్లించి, రెండడుగులు వెనక్కి వేయాలి. ఒంట్లో ఏం జరుగుతోందో గమనించాలి. నాకైతే చెవులు వేడెక్కడమే తొలి గుర్తు. ఆ తర్వాతే ఏం చేయాలో ఆలోచించాలి.

చల్లనీళ్లు: గిన్నెలో చల్లటి నీళ్లు పోసి, ఊపిరి బిగబట్టి కొన్ని సెకన్లు మొహం ముంచాలి. గుండె వేగం తగ్గుతుంది. అది శరీరంలో సహజంగా ఉన్న ఏర్పాటే. గుండె జబ్బులున్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా ఇది చేయొద్దు.

నిజమెంత: ‘మూడింటికి మాట్లాడదాం’ అన్నది నిజం. ‘తీసేస్తున్నారు’ అన్నది నేను కలిపింది. ఈ రెండిటినీ కాగితం మీద పక్కపక్కన రాస్తే తేడా తెలిసిపోతుంది.

ఎదురు పని: కోపానికి తగ్గ కారణం లేదని తేలితే, అది చేయమన్నదానికి సరిగ్గా ఎదురు చేయాలి. అరవాలనిపిస్తే గొంతు తగ్గించడం, తలుపు ధడేల్మని వేయాలనిపిస్తే మెల్లగా వేయడం... అలాగన్నమాట.

వినడానికి ఈజీనే. కానీ ఏడీహెచ్‌డీతో వచ్చే అసలు చిక్కు వేరే ఉంది. తెలియక కాదు, సమయానికి గుర్తురాకే దెబ్బతింటాం. అందుకే లాక్‌స్క్రీన్ మీద ‘ఆగు’ అని పెట్టుకున్నా. జీమెయిల్‌లో పంపిన మెయిల్ ఆపుకొనే సమయాన్ని 30 సెకన్లకి మార్చా. అంతకుమించి అది ఇవ్వదు మరి! కోపం లేనప్పుడు రోజుకోసారి ఇవన్నీ రిహార్సల్ చేస్తా.

పోయిన నెల అమ్మ ఫోన్‌లో మళ్లీ పెళ్లి సంబంధం ఎత్తింది. చెవులు వేడెక్కాయి. ‘అమ్మా, పది నిమిషాల్లో చేస్తా’ అని పెట్టేశా. నీళ్లలో మొహం ముంచి, తుడుచుకుని, చెప్పినట్టే చేశా. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత అమ్మ అడిగింది... ‘మొహం కడుక్కున్నావా?’ అని. ఇద్దరం నవ్వేశాం.

పూర్తిగా మారిపోయానని చెప్పను. మొన్నే ఆటో అతని మీద అరిచా. కానీ దిగేలోపే సారీ చెప్పా. ఇంతకుముందైతే ఆ మాట నోట వచ్చేది కాదు.

మీకూ ఇలాగే అవుతోందా? నెట్‌లో టెస్టు చేసుకుని తేల్చేసుకోవద్దు. సైకియాట్రిస్ట్‌నో, క్లినికల్ సైకాలజిస్ట్‌నో కలవండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది. నంబరు 14416. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.